ఏదున్నా మెయిల్లో చెప్పు

ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్లకు కొదవ లేదు గానీ, అరడజను ఈమెయిల్ అడ్రసులున్న షెడ్డు మాత్రం మాదొక్కటే. సేల్సుకొకటి, సర్వీసుకొకటి, ఫిర్యాదులకొకటి, మేనేజింగ్ డైరెక్టరు గారికొకటి. ఈ శాఖలన్నిట్లో పనిచేసే ఏకైక ఉద్యోగిని నేనే. బాలశౌరి అనే నేను సేల్సు తరఫున ఉత్తరం రాసి, దాని నకలు మేనేజింగ్ డైరెక్టర్ బాలశౌరికి పంపుకుని, చాలా బాగుందని ఆయన చేత జవాబు కూడా రాయించుకునేవాణ్ణి. 2003లో అంతకు మించిన అభివృద్ధి నా కళ్లకు ఆనలేదు.

నా భాగస్వామి ముస్తఫాకి ఈ వైభవం తలకెక్కేది కాదు. మేమిద్దరం ఐటీఐలో ఒకే బెంచీ. చెక్క, ఇనుము, రంగు అతని వంతు. బేరాలు, కాగితాలు నా వంతు. అతనికీ ఒక అడ్రసు పెట్టించి ఒంటివేలితో టైపు కొట్టడం నేర్పాను. ఉన్న ఒక్క కంప్యూటర్లో, అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ అనే ఒక్క మెయిల్ ప్రోగ్రాంలోనే అందరి ఉత్తరాలూ వచ్చి పడేవి. అందరూ అంటే నేనూ ముస్తఫా.

ఒకరోజు మైలవరం నుంచి లారీ ఓనరు బసవయ్య గారు వచ్చారు. ఆయన్ని కూర్చోబెట్టి ఏ పనికి ఏ అడ్రసుకు రాయాలో విడమర్చి చెబుతున్నాను. ఆయనకు కావలసిందల్లా తన లారీకి వెనక తలుపు ఎప్పుడు బిగిస్తారన్నది. అప్పుడే లోపలికొచ్చిన ముస్తఫా, "మా శౌరికి మెయిల్ కొట్టడం వచ్చినంత బాగా మేకు కొట్టడం రాదండీ. తలుపు సంగతి నన్నడగండి" అన్నాడు. బసవయ్య గారు కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు. అది అబద్ధమైతే నేనూ నవ్వేవాణ్ణే.

ఆయన వెళ్లగానే ముస్తఫాని నిలబెట్టి చెప్పాను. "ఇకమీదట నాతో మాట్లాడక్కర్లేదు. ఏదున్నా మెయిల్లో చెప్పు." అతను సరేనన్నాడు. ముస్తఫా మాట ఇస్తే మాటే. నాకు కోపం వచ్చినప్పుడల్లా అతని ఈ గుణం నాకు గుర్తుండదు.

మర్నాటి నుంచీ మెయిళ్లు మొదలయ్యాయి. నేను టీకి లేస్తే అతనొచ్చి కూర్చుని, రేకులు అయిపోయాయని కొట్టేవాడు. అతను లేచాక నేను కూర్చుని చదివేవాణ్ణి. కుర్చీ వేడి ఆరేది కాదు. ఆ రేకులు ఉండాల్సిన గోడ నా వెనకే ఉంది. కబురు మాత్రం టెలిఫోను తీగ పట్టుకుని ఏ దేశాలో తిరిగి నా దగ్గరికొచ్చేది. మూడో నాలుగో రోజున ఫిర్యాదుల శాఖకు ఒక ఉత్తరం అందింది: మేనేజింగ్ డైరెక్టరు గారు పనివేళల్లో గురకపెడుతున్నారు, తగు చర్య తీసుకోగలరు.

ఒళ్లు మండిపోయింది. ఆ ప్రోగ్రాంలో రూల్స్ అని ఒకటుంది. ఫలానా వాళ్ల ఉత్తరం వస్తే ఫలానా అరలో పెట్టమని ముందే చెప్పి ఉంచితే అదే సర్దేస్తుంది. ముస్తఫా నుంచి ఏది వచ్చినా నేరుగా చెత్తబుట్టలో వెయ్యమని రూలు పెట్టాను. సాయంత్రం ప్రోగ్రాం మూసేటప్పుడు ఆ బుట్ట దానంతటదే ఖాళీ అయ్యే ఏర్పాటు అంతకుముందే చేసి ఉన్నాను. శుభ్రత గల మనిషిని. ఒక్కరోజు బుద్ధి చెప్పి తీసేద్దామనుకున్నాను. కానీ రూల్స్ రాయడం మహా రుచిగా ఉంటుంది. ఆ వారంలోనే శాఖకిన్ని చొప్పున బోలెడు రాసుకున్నాను. మొదటిది వాటి అడుగున పడింది, నా బుర్రలోంచి కూడా జారిపోయింది.

ముస్తఫా మెయిళ్లు ఆగిపోయాయి. చూశావా పొగరు, రాయడం కూడా మానేశాడు అనుకున్నాను. షెడ్డులో పని మాత్రం ఆగలేదు. పని జరగడానికి నేను ఏనాడూ అవసరం పడలేదు కదా.

అలా ఉండగా ముస్తఫా కూతురు జుబియాకి నిఖా కుదిరిందని ఆటోనగర్ అంతా చెప్పుకున్నారు. జుబియా మా షెడ్డులోనే పెరిగింది. సగం కట్టిన క్యాబిన్లలో ఆడుకుంటూ తలుపు సందులో వేలు నలగ్గొట్టుకుంటే, తండ్రిని దాటుకుని నా దగ్గరికొచ్చి ఊదించుకునేది. రేడియేటర్ల షాపుకి కార్డు అందింది. టీ కొట్టుకి అందింది. నాకు అందలేదు. పిలవని పేరంటానికి వెళ్లే రకం కాదు మనం అని పైకి అనుకున్నాను గానీ, బాత్రూములో పంపు తిప్పుకుని మరీ ఏడ్చాను. పెళ్లి కాగానే వాటాలు తెంచేసుకుందామని ఒక ఉత్తరం కూడా తయారుచేశాను. సంతకం మేనేజింగ్ డైరెక్టరుది.

పెళ్లికి ముందురోజు మా ఆవిడ జీవరత్నం షెడ్డుకొచ్చింది. జుబియా కోసం తీసిన చీర చేతిసంచిలో ఉంది. ముస్తఫా భార్య జమీలా ఫోన్ చేసిందట. మెయిళ్లు పంపి పంపి మా ఆయన అలిసిపోయారు, అన్నయ్యగారు వస్తారో రారో ఒక్క మాట కనుక్కో వదినా అందట. అంతా కల్ల అన్నాను. పంపితే రాకుండా ఎక్కడికి పోతుంది? నిరూపిస్తా చూడమని, ముస్తఫా అడ్రసులోంచి నా అడ్రసుకు 'పరీక్ష' అని కొట్టి పంపాను. మోడెం కీచుకీచుమంది. ఏమీ రాలేదు. లైను బాగాలేదని చెప్పి ఇంకోటి పంపాను. అదీ రాలేదు. సర్వరు గురించి ఉపన్యాసం మొదలుపెట్టాను.

జీవరత్నం తెర మీద వేలు పెట్టింది. "ఏవండీ, మీరు పంపినప్పుడల్లా ఈ చెత్తబుట్ట బొమ్మ పక్కన అంకె పెరుగుతోంది. ఇందులో పడట్లేదు కదా?"

తెరిచాను. నా పరీక్షలు రెండూ అందులోనే ఉన్నాయి. వాటి కింద, ఆ ఉదయం ముస్తఫా ఇంగ్లీషు అక్షరాల్లో కూడబలుక్కుని కొట్టిన తెలుగు ఉంది.

"శౌరీ, రేపే జుబియా నిఖా. ఇంటికొచ్చి నోటితో పిలుద్దామంటే మాట్లాడొద్దన్నావు. అందుకని మళ్లీ ఇక్కడే పిలుస్తున్నా. నేను చూస్తుండగానే చెత్తలో పడుతోంది. అయినా రా."

ఇదే కుర్చీలో కూర్చుని, తన పిలుపు చెత్తలో పడటం రోజూ కళ్లారా చూసి, మళ్లీ రోజూ పిలిచాడు. అంతకు ముందు రోజుల పిలుపులు సాయంత్రానికల్లా శుభ్రంగా తుడిచిపెట్టుకుపోయాయి. సిగ్గుతో చచ్చిపోయాను.

జీవరత్నాన్ని స్కూటరెక్కించుకుని వించిపేట వెళ్లాను. ముస్తఫా ఇంటి ముందు షామియానా లేచింది. అతను స్టూలెక్కి, వధూవరుల పేర్ల బోర్డు వీధివైపు గుంజలకు బిగిస్తున్నాడు. పెదాల మధ్య మేకులు. నన్ను చూశాడు గానీ నోరు విప్పే వీలు లేదు. ముందు మాట్లాడే పని నాకే పడింది. రూల్స్ సంగతి చెప్పాను, అరల సంగతి చెప్పాను, మర్చిపోయానని చెప్పాను. ఎంత చెప్పినా ఆ మొహంలో ఏమీ కదల్లేదు. చివరికి చెప్పాల్సిన మాట ఒక్కటే మిగిలింది.

"తప్పు నాదే ముస్తఫా. నన్ను పెళ్లికి పిలువు."

అతను మేకులు ఒక్కొక్కటే తీసి జేబులో వేసుకున్నాడు. స్టూలు దిగి, సుత్తి నా చేతిలో పెట్టాడు.

"ఆ చివర మేకు నువ్వు కొట్టు" అన్నాడు.

కొట్టాను. రెండో దెబ్బ నా బొటనవేలి మీద పడింది. నేను పెట్టిన కేకకు లోపలి నుంచి జుబియా పరిగెత్తుకొచ్చింది. "అమ్మీ, బాబాయ్ వచ్చాడు" అని ఇంట్లోకి అరిచి, గోరింటాకు ఆరని చేతులు వెనక్కి పెట్టుకుని, నా వేలి మీదికి వంగి ఉఫ్‌మని ఊదింది.