రాజీ కాగితం మీద ఎనిమిది పేర్లు

కల్నల్ అచ్చియ్యమ్మ సెలవు మీద చోడవరం వచ్చిన నాలుగో రోజు పొద్దున్న, తమ్ముడు జగ్గారావు వరండాలో ఏడుగురు పెద్దమనుషులు చేరారు. ఏడోవాడు జగ్గారావే. ఆవిడకీ ఓ కుర్చీ వేశారు, అదీ సరిగ్గా మధ్యలో. చిన్న తగువుంది, నువ్వు కూర్చోవాలప్పా అని తమ్ముడు ముందురోజే అడిగితే, ఏ తగువని అడక్కుండా సరే అనేసింది. ఆ తగువేమిటో తెలిశాక ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది.

చెరకు లారీలు తిప్పే గణపతిరావు కొడుకు, తోటలో చెరకు కట్టలు కట్టే చిన్నారిని చెయ్యి పట్టుకు లాగి జాకెట్టు చింపాడు. పంతొమ్మిదేళ్ళ పిల్ల కొడవలి ఎత్తి తప్పించుకుని, ఆ సాయంత్రమే స్టేషనుకు వెళ్ళి కేసు పెట్టింది. అలాంటి పిల్లని నెత్తిన పెట్టుకోవాలా వద్దా? మన పెద్దమనుషులకి మాత్రం ఊరి పరువు గుర్తొచ్చింది. ఇలాంటివాటికి వాళ్ళకో పద్ధతుంది. పొరపాటున కేసు పెట్టాను, నాకే అన్యాయమూ జరగలేదు అని పిల్ల చేత సంతకం పెట్టిస్తారు. కింద పెద్దలు సాక్షి సంతకాలు చేస్తారు. సాక్షి ఎంత గొప్పవాడైతే ఫైలు అంత తొందరగా మూతపడుతుందని వాళ్ళ నమ్మకం.

కాగితం ముందే టైపు చేయించారు. మొదటి సాక్షి, కల్నల్ అచ్చియ్యమ్మ, ఐక్యరాజ్యసమితి శాంతి సేన. దాని కిందే జగ్గారావు పేరు, ఆ కింద మిగతా ఆరుగురివీ, తండ్రుల పేర్లతో సహా.

"ఏటిరా ఇది?" అంది ఆవిడ.

"దేశాల మధ్యనే శాంతి సేసొచ్చేవు కదప్పా. రెండిళ్ళ మధ్య సెయ్యలేవేటి? నీ పేరు సూస్తే ఎస్సై మరి మాటాడడు."

గణపతిరావు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "గుంటడు తెలీక సేసేడమ్మా."

ముప్పయ్యేళ్ళ గుంటడు, ఇద్దరు పిల్లల తండ్రి, తెలీక చేశాడట. వినడానికి సిగ్గేసింది ఆవిడకి.

కాంగోలో మేజరుగా ఉన్నప్పుడు ఒక పల్లెకి గస్తీ వెళ్ళింది. అక్కడా ఇలాగే పెద్దలు కుర్చీల్లో, ఆడవాళ్ళు దూరంగా నేల మీద. గొడవలేవీ లేవన్నారు పెద్దలు. ఆడవాళ్ళు నోరెత్తలేదు కాబట్టి, అంతా ప్రశాంతం అని రాసి పైకి పంపింది. నెల తర్వాత మళ్ళీ వెళ్ళి ఆడవాళ్ళని విడిగా అడిగితే, ఆ నెల్లో వాళ్ళు పడ్డ నరకం చెప్పారు. ఆ ఒక్క మాట రాసినందుకు తనని తాను ఇప్పటికీ క్షమించుకోలేదు. తర్వాత దక్షిణ సూడాన్‌లో ఆడ సైనికుల దళాన్ని నడిపిన రెండేళ్ళూ, ఏ ఊరెళ్ళినా ముందు ఆడవాళ్ళ దగ్గరే కూర్చుంది. పాతికేళ్ళు దాటిన ఉద్యోగంలో ఆవిడ గర్వంగా చెప్పుకునేది అదొక్కటే.

అంత నేర్చుకుని, సొంత ఊళ్ళో మధ్య కుర్చీలో కూర్చుంది. తన మీద తనకే ఒళ్ళు మండిపోయింది.

లేచి, మెట్ల కింద తల్లి నరసమ్మ పక్కన కూర్చున్న చిన్నారి దగ్గరికెళ్ళి, మెట్టు మీద చతికిలబడింది.

"నీకేటి కావాలే?"

"పెద్దోళ్ళు ఏటంటే అదేనమ్మా," అంది నరసమ్మ గబగబా.

"గుంటనడుగుతన్నాను, నరసమ్మా."

చిన్నారి తలెత్తింది. "గంట నుంచి ఇక్కడే ఉన్నాను మేడమ్. ఆ మాట మీరొక్కరే అడిగేరు. జరిగింది జరగలేదని ఎలాగ రాస్తాను? కేసు తియ్యను."

"దీనికి నోరెక్కువ," అన్నాడు పరదేశి అనే పెద్దాయన కుర్చీలోంచి. "రేపు దీన్నెవడు సేసుకుంటాడు?"

"రేపటి సంగతి అదే సూసుకుంటాది, పరదేశి బాబూ. జరిగిపోయినదాన్ని మీరు సెరిపేస్తన్నారు, అది సూడండి." ఆవిడ గొంతు పెంచలేదు. కాగితం మడిచి చేతిసంచిలో పెట్టుకుంది.

"సంతకం సెయ్యవేటప్పా?"

"స్టేషన్లో సేస్తాను. కేసు పెట్టిన పిల్లని కూకోబెట్టి బెదిరించినోళ్ళెవరని ఎస్సై అడిగితే ఈ కాగితమే ఇస్తాను, తండ్రుల పేర్లతో సహా మీరే టైపు సేయించేరు. నాకు రాసే పని తప్పింది."

ఆవిడ తల్లీకూతుళ్ళని వెంటబెట్టుకుని రోడ్డెక్కి, రావికమతం వైపు నుంచి వస్తున్న ఆటోని ఆపింది. ముగ్గురూ ఎక్కేలోగా జగ్గారావు పరుగున వచ్చి ఆటో రాడ్డు పట్టుకున్నాడు.

"ఒక్క తల్లి పిల్లలమప్పా. నా పేరొక్కటీ కొట్టెయ్."

"మొదటి పేరు నాదేరా. తగువేటో అడక్కుండా సరే అన్నాను, నాదే కొట్టలేదు. నీదెలాగ కొడతాను?"

ఆటో కదిలింది. జగ్గారావు రాడ్డు వదలకుండా నాలుగడుగులు పరిగెత్తాడు. చిన్నారి ముందుకు వంగి, అతని వేళ్ళు ఒక్కొక్కటే విడదీసింది.