కింద పడ్డ గుడ్డ

కొన్నాళ్లుగా ముసురుకున్న మబ్బు ఆ ఉదయం విడిపోయింది. కడిగి బోర్లించిన పళ్లెంలా ఉంది ఆకాశం. ఎండ ఏటవాలుగా వచ్చి షెడ్డు ముందున్న నల్ల కారు మీద పడింది. ఆ ఎండలో గీతలు కనబడ్డాయి. ఒకటీ అరా కాదు. బానెట్టు నిండా సాలెగూడు పరిచినట్టు, మనిషి ఎటు కదిలితే అటు తిరుగుతూ మెరిసే సన్న గీతలు.

కారు కలప డిపో ఆయనది. తాళంచెవి కొనతో గీతల్ని చూపించబోయి, భయపడి చెయ్యి వెనక్కి తీసుకుని వేలితో చూపించాడు.

"గీత పడదనే కదా పూత వేయించుకున్నాను? ఏడాది పూచీ అన్నావు. రెండు నెలలు తిరగలేదు."

షెడ్డాయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. "పూతలో లోపం ఉండదండీ. తుడిచే చేతిలో ఉంటుంది. సాయంత్రానికి అద్దంలా చేసిస్తాను, పైసా వద్దు. ఆ చెయ్యి ఎవరిదో తేల్చి ఇవాళే పంపించేస్తాను."

షెడ్డులో చేతులు రెండు జతలే. కార్లకు పూత వేసేవాణ్ని అందరూ బావ అనే పిలుస్తారు, షెడ్డాయనతో సహా. పైపు పట్టి కార్లు కడిగేవాడు అతని భార్య తమ్ముడు. రోజంతా వాడి నోట 'బావా' అన్న పిలుపు విని విని అదే పేరైపోయింది. వాడు బామ్మర్ది అయ్యాడు. బావ, అతని భార్య, పిల్లలు, బామ్మర్ది అంతా ఒకే ఇంట్లో ఉంటారు. ఒక కారుకు పూత వేస్తే షెడ్డాయనకు వచ్చేది బావకు నెల జీతంలో సగం.

పనిలో వాళ్లకొక కట్టుబాటు ఉంది. గుడ్డ నేల మీద పడితే అది ఇక కారు ముట్టుకోకూడదు. ఎంత దులిపినా ఇసుక రేణువు దారాల్లో దాక్కుంటుంది, రంగును కోస్తుంది. పడ్డ గుడ్డ మూల డబ్బాలోకి పోవాలి. చక్రాలు తుడవడానికి తప్ప మరి బయటికి రాకూడదు.

షెడ్డాయన బావను అల్మరా దగ్గరికి పిలిచి కుర్చీ జరిపాడు.

"కూర్చో బావా."

ఇన్నేళ్లలో ఆయన కూర్చోమనడం అదే మొదలు. బావ అంచు మీద కూర్చున్నాడు. అల్మరాలో తెల్ల డబ్బా, నల్ల డబ్బా పక్కపక్కన ఉన్నాయి. ఏజెంటు ఆ రెండూ తెచ్చినప్పుడు ఒకే కారు రెండు తలుపుల మీద రాసి చూసింది బావే. తెల్లదానికి ముందు మిషను పెట్టి రోజంతా రుద్ది గీతలు తీయాలి, ఆపైన పూత. నల్లది ఊరికే రాస్తే చాలు, టీ చల్లారేలోగా గీత మాయం. "ఇది పుండుకు మందులాంటిది. గీతను మాన్పేస్తుంది," అన్నాడు షెడ్డాయన. తెల్లది అల్మరాలో చూపుకు మిగిలింది. మాయమవడం కళ్లారా చూశాడు గనుక బావ నమ్మాడు.

"ఎవడో పడ్డ గుడ్డ వాడాడు. నువ్వు కాదని నాకు తెలుసు. మరి నువ్వేమైనా చూశావా?"

"లేదు సార్."

"చూడలేదా, చెప్పవా? ఇద్దరిలో ఒకడే ఉంటాడు ఇక్కడ. నీకు పెళ్లాం ఉంది, పిల్లలున్నారు. వాడు ఒంటిగాడు, ఎక్కడైనా బతుకుతాడు."

బావకు ఒకటి గుర్తొచ్చింది. పోయిన వారం ఇదే కారు పక్కన బామ్మర్ది వంగి లేచాడు. చేతిలో గుడ్డ ఉంది. నేల మీద నుంచి తీశాడా, బకెట్టు అంచు మీద నుంచా?

"వంగి ఏదో తీయడం చూశాను. ఏమిటో తెలీదు," అన్నాడు.

"చాలు," అన్నాడు షెడ్డాయన.

బావ కుర్చీ జరిపి లేచాడు. బయటికొచ్చి చూస్తే షెడ్డాయన అప్పుడే పైపు దగ్గర ఉన్నాడు, బామ్మర్ది భుజం మీద చెయ్యి వేసి. వాడు తల వంచుకుని విని, ఏదో పొట్టిమాట అన్నాడు. మోటారు మోతలో వినబడలేదు.

ఆయన పోయాక బావ దగ్గరికెళ్లాడు. "ఏమంటాడు?"

"నీతో ఏమన్నాడో అదే."

"నాతో ఏమన్నాడని?"

"నన్నడుగుతావేంటి బావా? నిన్ను కుర్చీ వేసి అడిగాడు, నన్ను నిలబెట్టి అడిగాడు. పెద్దరికం నీది కదా."

మామూలు రోజైతే ఆ మాటకు ఇద్దరూ నవ్వేవారు. ఇవాళ వాడు నీళ్లు మరో వైపు తిప్పుకున్నాడు. బావ గుడ్డలు మడత పెడుతూ వాడి చేతుల్నే చూశాడు. వాడూ ఓరగా ఇతని చేతుల్నే చూస్తున్నాడు.

పొద్దెక్కాక షెడ్డాయన బూడిదరంగు కారు కడగమన్నాడు. ఆయన సొంత కారు. దాని తలుపు మీద గేటు గొళ్లెం గీసుకుని జానెడు గీత పడితే, బావే నల్ల డబ్బా రాసి పోగొట్టాడు. వచ్చినవాళ్లందరికీ ఆ తలుపే చూపించి బేరం కుదుర్చుకునేవాడు షెడ్డాయన. కార్ల సబ్బు అయిపోయింది. బామ్మర్ది టీ గ్లాసులు తోమే సబ్బు కలిపి కడిగేశాడు.

"బావా, ఇట్రా."

తగువుకే అనుకుని వెళ్లాడు బావ. తడి ఆరుతున్న తలుపు మీద జానెడు గీత, చివర కొక్కెంలా వంపు.

"గేటుదే," అన్నాడు బావ.

"మానిపోయిందన్నావుగా?"

బావ వేలితో రాసి చూశాడు. గోరుకు సన్నగా తగిలింది. "మానలేదు. దుప్పటి కప్పుకుని పడుకుంది. గ్లాసుల సబ్బు ఆ దుప్పటి లాగేసింది."

ఇద్దరూ ఒకేసారి నల్ల కారు వైపు తిరిగారు. పూత వేయకముందు ఆ బానెట్టు మీద ఇదే సాలెగూడును బావ చూశాడు. అది పోయిందనే అనుకున్నాడు ఇన్నాళ్లూ. దాని దుప్పటి ఈ రెండు నెలల కడుగుళ్లకే అరిగినట్టుంది.

"అయితే గుడ్డ కింద పడలేదన్నమాట," అన్నాడు మెల్లగా.

"పడిందని ఎవరన్నారు?" అన్నాడు బామ్మర్ది.

బావ మళ్లీ గీత మీద వేలు పెట్టాడు.

అంతలో షెడ్డాయన నల్ల డబ్బా తెచ్చి బావ చేతిలో పెట్టాడు. "సాయంత్రంలోగా రాసెయ్. వీణ్ని ఇంటికి పొమ్మను. వంగి తీశాడని నువ్వే చెప్పావుగా."

బామ్మర్ది పైపు కట్టేశాడు. తలెత్తలేదు.

"నీ గురించి వాడేం చెప్పాడో కూడా వింటావా?" అన్నాడు షెడ్డాయన.

బావ డబ్బా మూత వైపు చూశాడు. వినాలని ఉంది. పొద్దుటి నుంచీ అదొక్కటే వినాలని ఉంది.

"వద్దు సార్. వినను. ఇది రాయను కూడా."

"ఏంటీ?"

"తెల్ల డబ్బా ఇస్తే రేపు చీకటి పడేదాకా రుద్దుతాను. ఇది మాత్రం రాయను. డిపో ఆయన వచ్చాక ఆయన ముందే మీ తలుపు చూపిద్దాం. గేటు గీత మళ్లీ లేచింది."

షెడ్డాయన తన కారు వైపు చూసి, చప్పున చూపు తిప్పుకున్నాడు. "రాసేవాడు ఊరంతటికీ నువ్వొక్కడివేనా?"

"కాదు సార్."

బావ డబ్బాను తీసుకెళ్లి కుర్చీలో పెట్టాడు. షెడ్డాయన లోపలికెళ్లి ఫోన్ అందుకున్నాడు. ఎవరికో తెలియదు.

మధ్యాహ్నం బావ భార్య క్యారియర్ తెచ్చింది. మొగుడి మొహం చూసింది, తమ్ముడి మొహం చూసింది. కూర్చోవడానికి నేలంతా తడిగా ఉంది. అల్మరా మీద మడత పెట్టిన గుడ్డల్లోంచి తెల్లగా ఉన్న పెద్దది లాగి కింద పరిచింది. మరో రోజైతే ఇద్దరూ ఒక్కసారే అరిచేవారు. ఇవాళ ఎవరూ ఆపలేదు.

ముగ్గురూ దాని చుట్టూ కూర్చున్నారు. ఆమె అన్నం పెట్టి, మిగిలిన కూర ఇద్దరికీ సగం సగం వేసింది. బామ్మర్ది తన పళ్లెంలోంచి కొంచెం కూర తీసి బావ పళ్లెంలో వేశాడు. బావ వాడి చేతిని చూశాడు, మొహం చూడలేదు. లోపల ఫోన్లో షెడ్డాయన గొంతు లేస్తోంది, తగ్గుతోంది. ఎండలో నల్ల కారు మీద గీతలన్నీ మెరుస్తున్నాయి. ముగ్గురూ చివరి మెతుకు దాకా తిన్నారు.