పీపా మీది రాయి

కినుయేకు కోపం వస్తే నడక వేగం పెరుగుతుంది. మోకాలి ఆపరేషన్ అయ్యాక డాక్టరు మెల్లగా నడవమన్నాడు గానీ, ఆ ఆదివారం పొద్దున ఆమె వాలుదారిలో దిగుతున్న తీరు చూస్తే ఆ డాక్టరే గుండె పట్టుకునేవాడు. వీపున ఖాళీ బుట్ట వేలాడుతోంది. మ్యూజియంలో ఉన్న తన రాయిని అందులో వేసుకుని ఇంటికి తెచ్చుకోవాలి. అంతవరకూ పచ్చి మంచినీళ్లు కూడా ముట్టనని బయల్దేరింది.

రాయంటే వజ్రమో వైడూర్యమో కాదు, ఊరగాయ పీపా మీద బరువుకు పెట్టే రాయి. సన్నికల్లంత వెడల్పు, మధ్యలో నున్నగా అరిగిన గుంట. ఆమె భర్త తోకుజి ముత్తాతకు పొలం దున్నుతుంటే దొరికిందట. అప్పటి నుంచి ఆ ఇంటి కోడళ్లందరూ చలికాలం ముందు ఆవాకు లాంటి నొజవానా ఆకును ఉప్పేసి పీపాలో పేర్చి, పైన ఈ రాయినే పెడుతూ వచ్చారు. కినుయే ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఇంటికొచ్చిన మ్యూజియం అమ్మాయి దాన్ని చూసి, జపాన్ తొలినాటి జోమోన్ కాలంలో అడవి కాయలు నూరుకున్న రాయి, వేల ఏళ్లనాటిది అని కళ్లు పెద్దవి చేసిందట. పెళ్లాంతో ఒక్క మాటైనా అనకుండా తోకుజి తీసి ఇచ్చేశాడు.

ఆ తర్వాత పీపా మొహం చూడబుద్ధి కాలేదు ఆమెకు. ఏటి ఒడ్డున ఏరి తెచ్చిన రాయి పెడితే బరువెక్కువై ఆకు పీచులా తయారైంది. కొట్లో కొన్న ప్లాస్టిక్ బరువు పెడితే ఉప్పునీరు పైకి ఊరనే లేదు. ఆ లోయలో టీతో పాటు ఊరగాయ పెట్టని ఇల్లుండదు. బాగాలేదని మొహాన అనేవాళ్లూ ఉండరు, రెండో ముక్కకు చెయ్యి చాపరంతే. ఆ ఊళ్లో అంతకన్నా పెద్ద తిట్టు లేదు. ఎదురింటి మత్సుయో అయితే, "నీ మోకాలితో పాటు చెయ్యి కూడా అలిసినట్టుందే వదినా, ఈ ఏడు మా ఇంటి నుంచి పంపనా?" అంది. ఆ మాట ఇప్పటికీ కినుయే కడుపులో మండుతూనే ఉంది.

తోకుజి మాత్రం ఆ పాడు ఊరగాయను పూటపూటా గిన్నెడు తిన్నాడు. ఆ మనిషికి నాలుక లేదని ఆమె ఎప్పుడో తీర్మానించుకుంది. ఇంట్లో ఆయన నోటి నుంచి "ఊఁ" అనో "టీ" అనో వస్తే ఆ రోజు ఎక్కువ మాట్లాడినట్టు. ఆదివారం వస్తే గో అనే గళ్ల పలక ఆటకని పోయేవాడు.

మ్యూజియం ఒకప్పటి పట్టు గోదాము. గుమ్మం పక్కన బల్ల దగ్గర మియసాకా అనే ఆ అమ్మాయి, వెదురు పుల్లతో పాత కుండపెంకుల మీది మట్టి గీకుతూ కూర్చుంది.

"నా రాయి నాకిచ్చెయ్ అమ్మాయ్," అంది కినుయే, పలకరింపు కూడా లేకుండా.

మియసాకా లేచి వంగి నమస్కరించింది. "మీదే కదా మామ్మగారూ. అరువుగా తెచ్చుకున్నాం, ఎప్పుడైనా పట్టుకెళ్లొచ్చు."

దారి పొడుగునా కూడగట్టుకున్న మాటలన్నీ వృథా అయ్యాయి. "ఉప్పు తగిలితే పాడైపోతుందంటావనుకున్నానే!"

"అనాల్సిందే. కానీ దానికి పట్టిన ఉప్పు ఇప్పటికీ వదల్లేదండీ. వాన పడిందంటే గదంతా మీ ఊరగాయ వాసనే. పనిలో కూర్చోలేం, ఆకలి." నవ్వి, లోపలికి చూపించింది. "కాకపోతే పిల్లలకి దాని గురించి చెప్పే ఆయనొకరు ఉన్నారు. ఆదివారం ఆదివారం వస్తారు. ఆయనతో ఓ మాట చెప్పి తీసుకోండి. నోరు తెరిస్తే ఆపడం మా వల్ల కాదు."

నోరు తెరిస్తే ఆగని మనిషి కాబట్టి ఆయన తన మొగుడై ఉండడని కినుయే నిశ్చింతగా లోపలికి నడిచింది. అద్దాల వెనక కుండలు పాముల్లా మెలికలు తిరిగిన అంచులతో నిలబడి ఉన్నాయి. ఒకదాని మూతి కింద నల్లగా మాడిన చార కనిపించింది. ఎసరు పొంగిన చార అది, ఆమెకు చెప్పాలా? "పొయ్యి మీద పెట్టి కబుర్లకి పోయావు కదే మహాతల్లీ," అని ఏనాటి ఇల్లాలినో మనసులోనే దెప్పింది. కోపం కాస్త తగ్గింది.

పక్క గదిలో పిల్లల నవ్వులు. వాటి మధ్య గట్టిగా ఒక గొంతు.

"రాత్రిళ్లు నేను దొంగచాటుగా ఊరగాయ తింటుంటే, మా ఆవిడ ఎలుకలనుకుని బోను పెట్టిందర్రా! పీపాలో చెయ్యి పెడదామని పోతే టక్కున బోను పడింది. ఇదిగో, ఈ వేలే. కొడవలి తగిలిందని చెప్పా. ఇప్పటికీ ఎలుకలనే అనుకుంటోంది!"

కినుయే గుమ్మం దగ్గరే ఆగిపోయింది. తోకుజి! బడిపిల్లల మధ్య, చేతులు తిప్పుతూ, మొహమంతా వెలుగుతో.

"ఇప్పుడూ అంత బాగుంటుందా తాతా?" అడిగింది ఒక పిల్ల, రాయి గుంటలో అరచెయ్యి ఆనించి.

"ఇప్పుడా? ఘోరం! నోట్లో పెట్టలేం. తప్పు నాదే, రాయి ఇక్కడికి తెచ్చింది నేనేగా. మిగిలితే ఆవిడ బాధపడుతుందని మొత్తం నేనే తినేస్తున్నా."

"ఆ మాట ఆవిడకే చెప్పొచ్చుగా!"

"చెప్పాలంటే, ముందు అంత బాగుండేదని చెప్పాలి కదమ్మా. ఇన్నేళ్లలో ఒక్కసారీ చెప్పలేదు. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

కినుయేకు నవ్వాగలేదు. నవ్వుతోనే కళ్లు నిండాయి. ఈ ముసలాణ్ణి బోనులో ఇంకాసేపు ఉంచాల్సింది అని కూడా అనిపించింది. పెళ్లినాటి నుంచి ఆమె ఇంత సంతోషపడిన పొద్దు లేదు.

బుట్ట తలుపుకు తగిలి చప్పుడైంది. తోకుజి తిరిగి చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. బుట్ట చూసి సంగతి అర్థం చేసుకున్నాడు. వంగి రాయిని రెండు చేతులా ఎత్తి గుండెకు ఆనించుకుని, "పద," అన్నాడు.

"తాతా, ఈవిడేనా ఊరగాయ మామ్మ?" పిల్లలు ఆమె చుట్టూ మూగారు.

"దింపండి అది," అంది కినుయే. ఆయన దింపాడు. "సాయంత్రం మూసేశాక తీసుకెళ్దాం. ఈ చలికాలానికి ఊరగాయ పెట్టుకుని, మంచు కరిగాక మళ్లీ తెచ్చి ఇక్కడే పెడదాం. మధ్యలో ఈ పిల్లలందరూ మనింటికి టీకి వస్తారు."

ఆయన "ఊఁ" అన్నాడు.

కినుయే బుట్ట బోర్లించి, పిల్లల మధ్య దాని మీద కూర్చుంది.

"ఊఁ కాదు. మొదటి నుంచి చెప్పండి. నేను వచ్చేసరికే ఎలుకల దాకా వచ్చేశారు."