గేటు దగ్గరి గడ్డి

ఆ గడ్డిని ఎంచింది నేను. అది నిలదొక్కుకోకపోతే ఆవులు పోతాయి. ఆవులు పోతే వదిన నన్ను జీవితాంతం క్షమించదు. కొన్నాళ్లుగా నాకు అన్నం సయించకపోవడానికి ఇంతకంటే పెద్ద కారణమేమీ లేదు.

వదిన అంటే మా ఆయన అక్క. ఆవులు ఆవిడవి, పొలం అందరిదీ. విత్తనాల దుకాణంలో ఆవిడ చూపు తొందరగా ఎదిగే రకం మీద పడింది. దానికి కోతకోతకీ నీళ్లు పెట్టాలి, యూరియా చల్లాలి. మాదేమో రాళ్ల మిట్ట, మోటారు ఉందంటే ఉంది. అందుకే నేను అడ్డుపడి, ఒకసారి నాటుకుంటే ఏళ్ల తరబడి ఉండే రకం పట్టుకొచ్చాను. అది ఎరువు అడగదు, వానతో సర్దుకుంటుంది. "మొదట్లో పైకేం కనిపించదమ్మా, పనంతా లోపలే," అన్నాడు దుకాణదారు. నేను ఆ మాట పట్టుకుని వేలాడుతున్నాను.

ఇప్పుడు కొట్టంలో ఎండుగడ్డి అడుగంటింది. చుట్టుపక్కల కొందామన్నా దొరకడం లేదు. పశువుల బేరగాడు ఈ రోజే వ్యాన్ తెస్తానన్నాడు.

పొద్దున్నే వదిన ఎప్పటిలాగే గేటు దగ్గర వంగింది. ఇది వాళ్ల నాన్న నేర్పిన పద్ధతి. ఆవు నాలుకతో చుట్టినట్టు గడ్డిని పిడికిట్లో చుట్టి ఒక్క గుంజు గుంజాలి. ఆకు తెగితే ఆవుల్ని వదలొచ్చు. వేరు ఊడొస్తే వదలకూడదు, మొదలంటా పీకి పొలాన్ని బోడి చేస్తాయి. గేటు దగ్గర గడ్డి మోకాలెత్తున నిగనిగలాడుతోంది. వదిన గుంజింది. దుబ్బు మట్టితో సహా చేతికొచ్చింది.

"చూశావుగా. ఏపుగా ఎదిగిందే ఇలా ఉంటే, ఆ మిట్ట మీది బొచ్చు సంగతి వేరే చెప్పాలా?"

"ఇంకొన్నాళ్లు ఆగండి వదినా."

"ఆగుతాను. అందాకా వాటికేం పెట్టను, నీ మాటలా?"

నాకు ఒళ్లు మండింది, కానీ ఆవిడ అన్నదాంట్లో అబద్ధమేముంది? ఆవిడ కళ్లు అప్పటికే ఎర్రగా ఉన్నాయి.

వ్యాన్ వచ్చింది. ముందుగా పంతులమ్మని ఎక్కించారు. పాలు పితకడం ఆలస్యమైతే నిలదీసినట్టు చూస్తుందని ఆ ఆవుకి ఆ పేరు. వ్యాన్‌లోకి ఎక్కడానికి వాల్చిన చెక్క మీద కాలు పెట్టాక అది వెనక్కి తిరిగి వదిన కోసం చూసింది. నేను చూడలేక గబగబా మిట్ట ఎక్కాను. అంత దూరం వెళ్లి చాలా రోజులైంది. అక్కడ గడ్డి జానెడే ఉంది, పలచగా, పాలిపోయి. దాన్ని నోటికొచ్చినట్టు తిడుతూ నడుస్తుంటే కాలి కింద రాళ్లు జారాయి.

వాలు మీద బోర్లా పడి కిందికి జారిపోతూ, చేతికందినది పట్టుకున్నాను. ఆగిపోయాను. పిడికిట్లో ఉన్నది ఒక చిన్న గడ్డి దుబ్బు. నా బరువంతా అదే మోస్తోంది.

లేచి కూర్చుని, దాన్ని రెండు చేతులా గుంజాను. ఆకు తెగింది. పక్కది గుంజాను. అదీ తెగింది. గేటు బయటేమో ఆవులు నిలబడే చోటు, వానకి పేడంతా కొట్టుకొచ్చేది ఆ గడ్డిలోకే. తిండి పైపైనే దొరుకుతుంటే వేరు లోపలికెందుకు పోతుంది? ఇన్నాళ్లూ మేం గారాబంగా పెరిగినదాన్నే పీకి చూస్తున్నాం.

పరుగెత్తాను. అప్పటికే బేరగాడు రెండో ఆవు పలుపు పట్టుకున్నాడు. వదిన ముందు అరచెయ్యి తెరిచాను. తెగిన ఆకులున్నాయి, వేరు లేదు.

"ఎక్కడిది?"

"మిట్ట మీదది."

వదిన మిట్ట వైపు నడిచింది. వెనకే వెళ్తుంటే మళ్లీ భయం పట్టుకుంది. గట్టివన్నీ నా చేతికే తగిలాయేమో. ఆవిడ కావాలని బాగా బక్కగా ఉన్న దుబ్బు దగ్గర వంగి, పిడికిట్లో చుట్టి, బలమంతా పెట్టి గుంజింది. ఆకులు తెగాయి. ఆవిడ వెనక్కి కూలబడింది.

కూర్చున్నచోటే పిడికిలి విప్పి, తెగిన ఆకుల మొదళ్లు వేలితో తడిమి చూసింది. కింద బేరగాడు హారన్ కొట్టాడు.

"వెళ్లి పంతులమ్మని దించమను. నెమ్మదిగా దించమను, బెదురుతుంది," అంది వదిన, కొంగుతో మొహం తుడుచుకుంటూ. "తిన్నగా ఇక్కడికే తోలుకురా. గేటు దగ్గర మాత్రం ఆగనివ్వకు."