పది అడుగుల జములమ్మ

గద్వాలల పాత కెమెరాలు బాగుచేసేటోడు నాగప్ప ఒక్కడే. వాళ్ల తాత, నాయిన మగ్గం మీద బతికిండ్రు, ఈయన వేళ్లు మాత్రం స్క్రూల మీద పడ్డయి. పొద్దున చాయ తాగి ముందటి అర్రల బల్ల కాడ కూసుంటే, ఎవరన్నా పిలిస్తెనే లేస్తడు.

ఆ కెమెరాల కథేందంటే, కన్ను పెట్టి చూస్తే ఒక్క మనిషి ఇద్దరుగ కనపడ్తరు. రింగు తిప్పుకుంట పోతే ఇద్దరూ వచ్చి ఒక్కరైతరు. అప్పుడు రింగు మీదున్న అంకెనే ఆ మనిషి ఉన్న దూరం. అంకె తప్పు చెప్తే లోపలున్న రెండు స్క్రూలు జర తిప్పాలె. దూరం స్క్రూకు నాగప్ప ఊరవతలి సెల్ టవర్‌ను చూసేటోడు. దగ్గరి స్క్రూకు పెండ్లాన్ని చూసేటోడు.

ఎందుకంటే జములమ్మ ఎప్పుడూ ఆయనకు సరిగ్గ పది అడుగుల దూరంల ఉంటది. రెండేండ్ల కింద బిడ్డ శ్రుతి జ్వరమొచ్చి దవాఖానల పోయింది. మట్టి చేసి ఇంటికొచ్చిన దినం నుంచి గంతే. ఆయన ఒక్క అడుగు ముందుకేస్తే నడుమ బండలు సాగుతయ్, అర్ర చిన్నదైతే గోడ వెనక్కి జరుగుతది. వాడకట్టుల దీని గురించి ఎవరూ మాట్లాడలే. "మా ఇంటాయన గట్ల పది అడుగుల దూరముంటే నేను కొబ్బరికాయ కొడ్దును" అని పక్కింటి కిష్టమ్మ మాత్రం అన్నది. అన్నంక కొంగుతోటి కండ్లొత్తుకున్నది.

నాగప్పకు నవ్వు రాలే, ఏడుపు రాలే. బిడ్డ పోయిన కాన్నుంచి ఆయనకు ఏదీ రాదు. తాగే చాయ చల్లగున్నదో ఏడిగున్నదో కూడ తెల్వదు.

బతుకమ్మ పండుగైనంక వనపర్తి నుంచి రోహిణి అనే పిల్ల వాళ్ల తాత కెమెరా తెచ్చిచ్చింది. నాగప్ప కన్ను పెట్టి, బియ్యం చెరుగుతున్న జములమ్మను చూసిండు. రింగు తొమ్మిదన్నది. కెమెరా ముసలిదైందనుకొని, పది అనేదాక స్క్రూ తిప్పిండు. తర్వాతొచ్చిన కెమెరా ఎనిమిదన్నది. ఆ తర్వాతది ఆరన్నది. "గీ కెమెరాలకేం రోగమొచ్చిందో!" అని తిట్టుకుంట అన్నిటినీ పదికి తెచ్చిండు.

ఒక దినం జములమ్మ అన్నది: "సోమారం నేను కోడేరు పోత. ఇగ మా తమ్ముని కాడ్నే ఉంట. మళ్ల రాను."

"సరే" అన్నడు నాగప్ప. తల కూడ ఎత్తలే.

సోమారం పొద్దున జములమ్మ సంచి సదురుకొని గడప మీద కూసున్నది. బస్సుకు ఇంకా టైమున్నది. అప్పుడే రోహిణి ఫోటోలు, కెమెరా పట్టుకొని వచ్చింది.

"అన్నా, గుట్టలు, చెట్లు మంచిగొచ్చినయ్. దగ్గరున్నోళ్లే మసక మసకగ వచ్చిండ్రు. సూడు, మా అవ్వ మొఖం గుర్తుపట్టనీకే వస్తలేదు."

"గట్లెట్ల? పది అడుగులకు సరిగ్గ పెట్టి ఇచ్చిన గద!"

"టేపు పట్టి చూసినవా?"

"టేపెందుకమ్మా? మా ఇంటామె ఉన్నది గద."

రోహిణి గడప దిక్కు చూసింది, బల్ల దిక్కు చూసింది. "అన్నా, ఈడ పది అడుగులు యాడున్నయ్?"

నాగప్ప సొరుగుల నుంచి టేపు తీసి బండల మీద జార్చిండు. జములమ్మ దాని కొసను కాలి బొటనవేలుతోటి తొక్కిపట్టింది. నాలుగున్నర అడుగులు. మళ్ల గుంజి చూసిండు. నాలుగున్నరనే.

"ఎప్పటిసంది?" అన్నడు.

"బతుకమ్మ కాన్నుంచి. దినాం ఇంతింత జరుగుతున్న. నువ్వు చూస్తవనుకున్న. నువ్వేమో స్క్రూ తిప్పి నన్ను మళ్ల గాడ్నే కూసోబెడ్తివి."

నాగప్పకు గుండెల కలుక్కుమన్నది. రెండేండ్లకు నొప్పి పుట్టింది. రోహిణి చేతిలున్న కెమెరా గుంజుకొని స్క్రూ వెనక్కి తిప్పిండు. రింగు నాలుగున్నర అన్నది, ఇద్దరు జములమ్మలు ఒక్కరైండ్రు. అంతల్నే మళ్ల ఇద్దరైండ్రు. రింగు తిప్పిండు. నాలుగు. మూడున్నర. మూడు. ఆడ రింగు ఆగింది. అంతకంటే దగ్గరిది ఆ కెమెరాకు చూడరాదు.

"ఇగ తిరుగుతలేదు" అన్నడు.

"అది పక్కన పెట్టు" అన్నది జములమ్మ.

రోహిణి గడపల సంచి తీసి లోపల పెట్టింది. నాగప్ప కెమెరా దించిండు. జములమ్మ ఆయన చెంప తుడిచింది. ఆమె చెయ్యి ఏడిగున్నది. ఏడిగున్నదని ఆయనకు తెలిసింది.