వాక్కు వద్దన్న మంగళవారం

అమ్మవారు తన ఒంటి మీదికి వచ్చినప్పుడు ఏం చెబుతుందో సింహాచలమ్మకు ఎప్పుడూ తెలియదు. ఆమెకు తప్ప అందరికీ తెలుస్తుంది. ఏడాదికోసారి పోలమ్మ సంబరం నాడు ఘటం, హిందీ ఊళ్లో ఉక్కు ప్లాంటు పక్కన తెలుగువాళ్లుండే బర్మామైన్స్ సందుల్లోకి వచ్చి గుమ్మం ముందు ఆగగానే, డప్పుల మోత అరికాళ్లలోంచి పైకి పాకుతుంది. మోకాళ్ల దాకా గుర్తుంటుంది. ఆ తర్వాత ఏమీ ఉండదు. మళ్లీ తెలివి వచ్చేసరికి గొంతు బొంగురుపోయి ఉంటుంది, చీర పసుపునీళ్లకు తడిసి ఒంటికి అతుక్కుని ఉంటుంది, పొద్దున కుళాయి దగ్గర తనతో పోట్లాడిన ఆడవాళ్లే తన కాళ్లకు మొక్కుతూ ఉంటారు.

"ఏటన్నాను?" అని అడిగితే నవ్వుతారు.

"నువ్వేటీ అన్లేదు. అమ్మోరంది."

ఏమందో తర్వాతి రోజుల్లో ముక్కలు ముక్కలుగా చెవిన పడుతుంది. ఘటం మోసే కూర్మారావును "తాగొచ్చి నన్ను మొయ్యకురా" అని అందరి ముందూ కడిగేసిందని తెలిసి ఒక ఏడు తనే కడుపుబ్బ నవ్వుకుంది. ఇంకో ఏడు మాత్రం నవ్వలేదు. ఒళ్లు కాలి ఆస్పత్రిలో ఉన్న మొగుడి గురించి ఒకావిడ అడిగితే, "ఆడు నా వోడు, తీసుకెల్లిపోతాను" అందట. వారం తిరక్కుండా అతను పోయాడు. ఆవిడ పల్లెత్తు మాట అనలేదు. పైగా కొబ్బరికాయ పట్టుకొచ్చి, "నీ నోటి మాట నిజమైంది తల్లీ" అని దండం పెట్టి వెళ్లింది. తిట్టి ఉంటే ఎప్పుడో మరిచిపోయేది. ఆ దండం మాత్రం సింహాచలమ్మకు ఇప్పటికీ మింగుడు పడలేదు. తను లేని సమయంలో ఎవరో తన వంటింట్లో జొరబడి, తన కత్తిపీటతోనే పని కానిచ్చుకుని వెళ్లిపోయినట్టు ఉంటుంది.

ఈ ఏడు అడగబోయేది సౌజన్య గురించి.

సౌజన్య ఆమె ఒక్కగానొక్క కూతురు. డిగ్రీ అయ్యాక సాక్చీ బజారులో ఫోన్ల షోరూములో చేరింది. చలికాలంలో మెడ పక్కన చిన్న గడ్డ కనబడింది. నొప్పి లేదు. నొప్పి లేనిదానికి ఎవరు భయపడతారు? చెమటలకు దిండు తడిసిపోవడం మొదలయ్యాక ఆస్పత్రికి వెళ్లారు. ముక్క తీసి పరీక్షకు పంపారు. లింఫోమా అన్నాడు డాక్టరు. కేన్సరే గానీ మందుకు లొంగే రకం, ఈ వయసులో చాలామందికి నయమవుతుంది, ఆలస్యం మాత్రం చెయ్యొద్దు, బుధవారం పొద్దున వచ్చి చేరితే మందు ఎక్కించడం మొదలుపెడతానన్నాడు.

బుధవారానికి ముందు రోజే సంబరం.

"అమ్మోరి మాట ఇన్నాక ఎల్దాం" అన్నాడు భీమారావు. సింహాచలమ్మ మొగుడు. ప్లాంటులో ఠేకా పని, అంటే కాంట్రాక్టు కూలీ.

"ఇనడమేటి? డాక్టరు సెప్పాడు కదా."

"డాక్టరు మందు సంగతి సెప్తాడు. బతుకు సంగతి అమ్మోరే సెప్పాల. తల్లి అభయమిచ్చిందనుకో, ఆ విసం పిల్లకి ఎక్కించడమెందుకు? మాతో పని సేసిన సూరజ్ లేడూ, ఆడికీ ఇలాగే ఎక్కించారు. నోరంతా పుండైపోయి గుక్కెడు నీళ్లు దిగలేదు. ఆకరికేటి మిగిలింది?"

"ఆడి రోగం వేరు."

"నీకేటి తెలుసు?"

"అభయం ఇయ్యకపోతే మరి?"

భీమారావు చొక్కా విప్పి మేకుకు తగిలించాడు. అది జారి కింద పడితే మళ్లీ తగిలించాడు.

ఆస్పత్రికి సంచి సర్దుతున్నప్పుడు కూతురు కూడా అదే మాట ఎత్తింది.

"మమ్మీ, మాతా సే పూఛో నా. అమ్మవారిని అడుగు."

సింహాచలమ్మ చేతిలో తువ్వాలు అలాగే ఉండిపోయింది. ఇక్కడే పుట్టి సగం హిందీలోనే మాట్లాడే ఈ పిల్లకు సంబరం అంటే సిగ్గు. అమ్మ ఊగుతుంటే అందరూ ఫోన్లలో తీస్తారని, ఆ రోజు ఊళ్లోనే దూరంగా కద్మాలో తనుశ్రీ అనే స్నేహితురాలి ఇంటికి పోయి, ఘటం వెళ్లిపోయాక గానీ తిరిగి వచ్చేది కాదు.

"నీకు నమ్మకం లేదు కదే."

"పెహలే నహీ థా. ముందు లేదు." సౌజన్య మెడ మీద కట్టును వేళ్లతో తడుముకుంది. "డాక్టర్ వందలో ఇంతమంది అంటాడు. నేను ఆ ఇంతమందిలో ఉన్నానా, మిగతావాళ్లలోనా, ఆయనకీ తెలీదు. మాతా కో తో పతా హోగా, ఆమెకైతే తెలిసే ఉంటుంది. నాకు తెలియాలి మమ్మీ. అచ్ఛా హో యా బురా, మంచైనా చెడైనా తెలియాలి."

ఆ మాట అంటున్నప్పుడు పిల్ల తన మొహంలోకి చూడలేదు. తన మొహం వెనక ఉన్న మరెవరికోసమో వెతుక్కున్నట్టు చూసింది. సింహాచలమ్మ తువ్వాలు సంచిలో కుక్కి వంటింట్లోకి వెళ్లింది.

గిన్నెలు తోముతూ ఆలోచించింది. మంచి మాట వస్తే మొగుడు మందు మాన్పిస్తాడు. చెడ్డ మాట వస్తే పిల్ల ఆశ మానేస్తుంది. ఎటు తిరిగినా పోయేది పిల్లే, అనేది తన నోరే. ఇంకా అడుగున మరో భయం ఉంది, దాన్ని ఎవరితోనూ అనలేదు. వచ్చేది నిజంగా అమ్మవారే అయితే సరే. కాకపోతే? పగలంతా కూతురికి ధైర్యం చెబుతున్న ఈ తల్లి కింద, అప్పుడే చావును చూసేసి, పాడె కట్టేసి కూర్చున్న ఆడది ఒకతె తనలోనే ఉందేమో. డప్పు దెబ్బకు లేచేది అదేనేమో. దానికి నోరిస్తే ఏమంటుంది?

మంగళవారం మధ్యాహ్నం ఆమె ఎండు రొయ్యలు వేయించి, ఉల్లిపాయలూ చింతపండూ వేసి కూర చేసింది. పళ్లెం నిండా అన్నం పెట్టుకుని, వంటింటి గుమ్మంలో అందరికీ కనబడేటట్టు కూర్చుని తిన్నది. అమ్మవారు వచ్చే మనిషి ఆ రోజు పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకూడదు.

వాసనకు అత్తగారు సన్యాసమ్మ పరుగున వచ్చింది.

"ఓలమ్మో! ఏటే ఆ తిండి? ఈయాల ఒక్కపొద్దు కాదేటి నీకు?"

"ఆకలేసింది అత్తా."

"ఘటం వీదిలోకొచ్చే యేలకి నీకు ఆకలేసిందేటి?"

"అమ్మోరికి మేకపోతు. నాకు రొయ్యలు. ఎవుల తిండి ఆలది."

"బుద్ది ఉండే తింటన్నావా?"

"ఉండే తింటన్నాను." సింహాచలమ్మ ఇంకో ముద్ద కలిపింది. "ఎంగిలి ఒంటిమీదికి రాదు కదా. రావొద్దనే తింటన్నాను."

ముసలావిడ కాసేపు కోడలి దవడల కదలికనే చూస్తూ నిలబడింది. ఒకప్పుడు అమ్మవారు వచ్చేది ఈ ముసలావిడ మీదికే. కోడలు కాపురానికి వచ్చిన మూడో ఏట, అత్తను వదిలేసి కోడలిని పట్టుకుంది. అప్పటినుంచీ ఏడాదికోసారి కోడలి కాళ్లకు మొక్కవలసి వస్తోంది. మొక్కేది. మొక్కి లేచాక ఆ పూటంతా ఎవరితోనూ మాట్లాడేది కాదు.

"సరే. తిను" అంది సన్యాసమ్మ. పెరట్లోకి పోయి, తల మీదుగా నీళ్లు పోసుకున్న చప్పుడు వినబడింది. బయటికి వచ్చేసరికి పసుపు పూసిన మొహంతో, విరబోసిన తెల్లజుట్టుతో ఉంది. సింహాచలమ్మ కలిపిన ముద్దను పళ్లెంలోనే వదిలేసింది. తను ఒక తలుపు మూసింది. ఇంట్లో రెండో తలుపు ఉందన్న సంగతి మరిచిపోయింది.

పొద్దు వాలుతుండగా ఘటం వచ్చింది. కూర్మారావు నెత్తిన కుండ, కుండ చుట్టూ వేపాకు, మీద దీపం. సందు పట్టనంత జనం. డప్పులు గుమ్మం ముందు ఆగి దరువు మార్చాయి. భీమారావు వేపరెమ్మ పట్టుకుని చేతులు జోడించాడు. సౌజన్య గడప లోపల గోడకు ఆనుకుని నిలబడింది. ఈ ఏడు తనుశ్రీ ఇంటికి పోలేదు.

సింహాచలమ్మ కిటికీ ఊచ పట్టుకుంది. కడుపులో రొయ్యల కూర ఉన్నా పిక్కలు వణకడం ఆగలేదు. ఒంటికి అలవాటైపోయింది. మోకాళ్ల దాకా వచ్చింది. 'నీకు నా ఒళ్లు అద్దె లేకుండా ఇచ్చాను. ఏమన్నావని ఏనాడూ నిలదీయలేదు. ఈ పూట ఇవ్వను. పో' అనుకుంది. ఊచ అరచేతిలో దిగేటట్టు బిగించింది. మోకాళ్ల దగ్గరే అది ఆగింది. కాసేపు అక్కడే కొట్టుకుని, మెల్లగా దిగిపోయింది.

"అమ్మోరు రాలేదేటి?" ఎవరో అన్నారు.

"ఎలా వత్తాది? రొయ్యలు తిందట!"

"ఓలమ్మా, కన్నకూతురికి అంత కట్టమొచ్చి ఉంటే!"

అప్పుడే సన్యాసమ్మ కేక పెట్టింది. ముసలి నడుము విల్లులా వంగింది, జుట్టు నేలను కొట్టింది. డప్పులు రెచ్చిపోయాయి. "తల్లీ! పోలమ్మ తల్లీ!" అని జనం ఒక్కసారి అరిచారు. భీమారావు తల్లి కాళ్ల మీద పడ్డాడు.

"తల్లీ, నా గుంట, నా పిల్ల సంగతి సెప్పు. బతుకుద్దా? మందు ఎక్కించమంటావా, ఒద్దంటావా? నువ్వెలగంటే అలాగే."

డప్పులు ఆగాయి. సౌజన్య గడప దాటి ఒక్క అడుగు ముందుకు వచ్చింది. సన్యాసమ్మ ఊగుతూనే మనవరాలి వైపు తిరిగింది. పెదవులు విడివడ్డాయి.

సింహాచలమ్మ అత్త నోరు మూసింది.

ఎలా దాటిందో తెలియదు, కిటికీ దగ్గరనుంచి వచ్చి, ఎడమచెయ్యి ముసలావిడ మెడ వెనక వేసి, కుడి అరచేత్తో నోరు గట్టిగా అదిమిపట్టింది. నెత్తిన ఘటంతో కూర్మారావు ముందుకూ రాలేక వెనక్కూ పోలేక నిలబడ్డాడు.

"కళ్లు పోతాయే సింహాచలం! అమ్మోరి నోరది!"

"ఎవుల నోరైనా సరే."

"ఒదులే!" భీమారావు ఆమె మోచెయ్యి పట్టుకుని లాగాడు. రాలేదు. "ఒదులు! నా పిల్ల బతుకే అది!"

"నాకూ పిల్లే" అంది ఆమె. ముసలావిడ వేడి ఊపిరి అరచేతిలో కొట్టుకుంటోంది. చెయ్యి తీయకుండానే కూర్మారావు నెత్తి మీది కుండ వైపు మొహం ఎత్తింది. "తల్లీ! నాను అడగడం లేదు, సెప్తన్నాను. రేపొద్దున్న నా గుంటకి మందు ఎక్కిత్తాం. వత్తే రా. వచ్చి మంచం పక్కన కూకో, ఒద్దన్ను. నీ మీద నాకు నమ్మకం లేకపోలేదు. మాట మాత్రం ఆడకు. మంచిదీ ఒద్దు, సెడ్డదీ ఒద్దు. ఆడితే, ఈ సందులో ఎంతమంది నోళ్లలోంచి వచ్చినా అన్నీ మూత్తాను."

అరచేతి కింద పెదవులు కదిలాయి. ఒక మాట. చిన్నదే. ఆమె వేళ్లు ఇంకా బిగిసాయి. తర్వాత ముసలి ఒళ్లు జావకారిపోయి చేతుల్లో ఒరిగింది.

గడప మీద కూర్చోబెట్టి నీళ్లు పట్టారు. ఘటం ఎక్కువసేపు ఆగకూడదు. కూర్మారావు గొణుక్కుంటూ కదిలాడు, జనం అతని వెనక కదిలారు. కొందరు వెళ్తూ వెళ్తూ చెంపలు వేసుకున్నారు. గుమ్మం ముందు పసుపునీళ్ల మడుగు, నలిగిన వేపాకు మిగిలాయి.

"నానమ్మా, ఏమనబోయావు?" సౌజన్య ముసలావిడ ముందు గొంతుక్కూర్చుంది.

"నాకేటి తెలుసే? నాను ఉన్నానేటి అప్పుడు?" సన్యాసమ్మ దవడ తడుముకుంది. కోడలి వైపు చూసిన చూపులో కోపం ఉంది. ఉన్నది కోపం ఒక్కటే కాదు.

సింహాచలమ్మ ఆ చూపును మోయలేకపోయింది. అది నిజంగా పూనకమా, లేక మనవరాలికి ఒక మంచి మాట ఇద్దామని ముసలావిడ కట్టిన వేషమా? ఇరవై ఏళ్ల తర్వాత ఆవిడ అమ్మవారు ఆవిడ మీదికే తిరిగి వచ్చిందేమో, ఆ నోటినే తను నొక్కేసిందేమో. ఏదైనా కావచ్చు. మళ్లీ జరిగినా మళ్లీ మూస్తుంది.

సౌజన్య లేచి తల్లికి ఎదురుగా నిలబడింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "తుమ్హే పతా చలా, నీకు తెలిసింది. నీ చేతికి తగిలింది."

"తగిలింది."

"క్యా థా? ఏ మాట?"

"తెలీదు."

"తెలుసుకోవాలని లేదా నీకు?"

"లేదు."

"డర్ లగ్తా హై, ఇసీలియే!"

"అవునే. బయ్యమే" అంది సింహాచలమ్మ. "నీకు గడ్డ ఉందన్న కాడ్నుంచీ నాకు బయ్యం కానిదేటి? అయినా రేపు ఎల్తాం. నువ్వు ఏ లెక్కలో ఉన్నావో ఎవులూ సెప్పకుండానే ఎల్తాం."

"నాకోసం అడగమన్నాను. నువ్వు..."

అప్పుడు పక్క సందులోంచి మరో ఆడగొంతు కేక వినబడింది. డప్పులు మళ్లీ రెచ్చిపోయాయి. అమ్మవారు ఇంకెవరి మీదికో వచ్చింది. "సౌజన్య! సౌజన్య ఎక్కడా? అమ్మోరు అడుగుతాంది!" అని ఎవరో అరుస్తున్నారు.

సౌజన్య తల అటు తిరిగింది. మెట్టు దిగింది. మురుగుకాలవ మీద వేసిన పలక దాకా వెళ్లింది.

సింహాచలమ్మ కదలలేదు. కదలాలని కాళ్లు పీకుతున్నాయి. కానీ ఒక్క చేత్తో ఊరందరి నోళ్లూ మూయడం తన వల్ల కాదు, పిల్ల చెవులు మూయడం అసలే కాదు. ఇక్కడినుంచి అది పిల్ల పని.

సౌజన్య ఆ పలక మీద చాలాసేపు నిలబడింది. సందు మలుపులో దివిటీల వెలుగు గోడల మీద కదులుతోంది. తన పేరు మళ్లీ వినబడింది. మెడ మీద కట్టు మీదికి చెయ్యి పోయింది, అక్కడే ఉంది. తర్వాత వెనక్కి తిరిగి, పసుపునీళ్లు తొక్కుకుంటూ మెట్టెక్కింది.

"షోర్ బహుత్ హై, ఒకటే గోల" అంది. "దర్వాజా వేసేస్తాను."

భీమారావు ఇంకా గుమ్మం బయటే ఉన్నాడు, పక్క సందు వైపు చూస్తూ. పోదామా అన్నట్టు ఒక కాలు ముందుకు ఉంది.

"పాపా, లోపలికొస్తావా, బయటుంటావా?"

అతను కూతురి మొహంలోకి చూశాడు. చేతిలో వేపరెమ్మ ఎక్కడ పెట్టాలో తెలియనట్టు అటూ ఇటూ చూసి, దాన్ని గుమ్మం పక్క అరుగు మీద పెట్టాడు. తల వంచుకుని లోపలికి వచ్చాడు. పెళ్లాం వైపు చూడలేదు.

సౌజన్య తలుపు వేసి గడియ పెట్టింది.