సాలవ్వ మోటరు పెట్టె

ఎల్లారెడ్డిలో నేను మోటర్లు చుడతాను. ఫోను చేస్తే పొలంలో మోటరు ఆడే పెట్టెకు సాఫ్ట్‌వేర్ రాసింది మా వాడకట్టు దేవరాజే. రాసి దాచుకోలేదు, ఎవరైనా వాడుకొమ్మని నెట్‌లో పెట్టాడు. హైదరాబాదు కంపెనీ ఒకటి అతనికి జీతమిచ్చి, సర్వరు తన దగ్గర నడిపింది. ఐదేళ్లు అట్లా సాగింది.

ఫిబ్రవరి చివర్లో కంపెనీవాళ్లు దేవరాజ్‌ను తమ కామారెడ్డి ఆఫీసుకు పిలిచారు. నేనూ వెంట పోయాను. మేనేజరు అరుణ్‌కుమార్ చాయ్ తెప్పించాడు.

"మా లెక్క మారింది దేవరాజ్. ఇగ సొంత పెట్టెలు అమ్ముతం. పదిహేను రోజులల్ల సర్వరు బంద్. నీ సాఫ్ట్‌వేర్ నీదే, ఎవ్వలకన్న ఇచ్చుకో."

"పెట్టెలన్ని మీ సర్వరునే ఎతుకుతయి సార్. నేను వేరే సర్వరు చూసుకుంట గని, పెట్టెలల్ల అడ్రసు మార్చాలె. మీ తాళం ఒక్కసారి ఇయ్యుండ్రి, అన్నిటికి ఇక్కన్నుంచే పంపుత."

దూరం నుంచి పంపే మార్పుకు కంపెనీ డిజిటల్ తాళం ఉండాలన్న నియమం, దొంగలు చొరబడకుండా, దేవరాజే పెట్టాడు.

"తాళం కంపెనీది" అన్నాడు అరుణ్‌కుమార్. "చాయ్ చల్లారుతున్నది, తాగు."

ఇక ఒక్కో పెట్టె దగ్గరికీ పోయి, మూత తీసి మార్చాలి. ఆ మూతలు రావు. బల్లులు దూరి మోటర్లు కాలుతున్నాయని, సందులు ఆరితే గట్టిపడే సీలు ముద్దతో మూయమని ఊరూరా చెప్పిందీ అతనే. మావాళ్లు సందులతో ఆగలేదు, పెట్టె లోపలంతా కూరారు. బల్లులు ఆగాయి. ముద్ద రాయి అయింది.

మొదటి నాలుగింటిలో మూడు పగిలాయి. మిగతా రైతులు దగ్గరికి రానివ్వలేదు.

"పాతది తెస్తే కంపెనోడు సగం ధరకే కొత్తదిస్తడట. నువ్వు పలగ్గొట్టినంక ఎవడిస్తడు?"

సాలవ్వ ఒక్కతే పిలిచింది. ఆమెకు కుడికాలు పనిచేయదు, మోటరున్న బావి కాలువ అవతల ఉంది. ఫోనుతో మోటరు ఆడబట్టే రెండెకరాలు సొంతంగా చేస్తోంది. లేకుంటే పొలం చెల్లెలి కొడుకు యాకూబుకు వదలాల్సిందే. మూడేళ్లుగా అతను ఆ మాటే అడుగుతున్నాడు. సగం ధర పెట్టే తాహతు కూడా ఆమెకు లేదు. వరి పాలు పోసుకుంటోంది, ఇప్పుడు నీళ్లు ఆగితే తాలే.

"పగిలితే ఎట్లవ్వా?" అన్నాడు దేవరాజ్.

"పగలకుంట తియ్యి కొడుకా. నువ్వు చేసిన పెట్టెనే గద."

యాకూబు గట్టు మీద కూర్చుని బీడీ ముట్టించాడు. "తియ్యన్నా. ఊరందరికి పుణ్యానికిచ్చినోనివి, గింతది నీకు చాతగాదా?"

దేవరాజ్ వేడి గుడ్డ అద్దుతుంటే నేను ఉలి పెట్టాను. గంటన్నరకు మూత కదిలింది. ముద్దకు అంటుకుని లోపలి బోర్డు రెండు ముక్కలై వచ్చింది.

సాలవ్వ ఒక ముక్క చేతిలోకి తీసుకుంది. "అతుకుతదా?"

దేవరాజ్ రెండో ముక్కను ముద్దలోంచి ఊడదీస్తున్నాడు. అతకదని నేనే చెప్పాను.

"ముట్టకపోతే ఇంక ఆరు రోజులన్న ఆడుతుండె గదనే పెద్దమ్మా" అన్నాడు యాకూబు.

చేత్తో బటన్ ఒత్తితే ఆడేటట్టు వైర్లు కలిపి ఇచ్చాను. అంతకు మించి నా చేతిలో లేదు.

"కోతలదాక రోజు వచ్చి ఒత్తుతవా బిడ్డా?" అని ఆమె యాకూబును అడిగింది.

"కోతలదాకనే ఎందుకు? ఎప్పటికీ ఒత్తుత. పొలం నాకిచ్చినట్టు కాయిదం తెస్త, వేలిముద్ర వెయ్యి."

"నేనొస్తనవ్వా, రోజు పొద్దుగాల" అన్నాడు దేవరాజ్.

"నువ్వు చేసింది చాలు" అంది సాలవ్వ.

కట్టె అందుకుని గట్టు మీద ఒక్కో అడుగే వేసింది. ఆమె కాలువ దాటకముందే యాకూబు ఊళ్లోకి పోయి, కాగితంతో ఆమె గడపలో కూర్చున్నాడు.